పోర్క్ కొనేవాళ్లు అడగాల్సిన మాట

బెంగళూరులో మారతహళ్ళి, కేఆర్ పురం వైపు ఉండే మనవాళ్లు ఆదివారం పోర్క్ షాపులో కొవ్వు ఎంత, తోలు ఉంచాలా తీయాలా అని అన్నీ అడుగుతారు. కోసేముందు పందికి స్పృహ తప్పించారా అన్నది మాత్రం అడగరు. నా కోపమంతా అక్కడే.

స్పృహ తప్పించడం బ్రహ్మవిద్యేం కాదు. కరెంటు పటకారు ఉంటుంది. దాని రెండు కొసలూ తలకు చెరోపక్క, కంటికీ చెవికీ మధ్య గట్టిగా ఆనాలి. కనీసం 1.3 ఆంపియర్ల కరెంటు మెదడు గుండా పోవాలి. సరిగ్గా తగిలితే పంది కట్టెలా బిగుసుకుని పడిపోతుంది, ఊపిరి ఆగుతుంది, కాసేపటికి కాళ్లు కొట్టుకుంటుంది. కాళ్లు కొట్టుకున్నంత మాత్రాన స్పృహ ఉన్నట్టు కాదు. ఊపిరి మళ్లీ లయగా ఆడుతున్నా, కనుగుడ్డు ముట్టుకుంటే రెప్ప కొడుతున్నా స్పృహ వస్తున్నట్టే, వెంటనే మళ్లీ షాక్ ఇవ్వాలి. తలకు మాత్రమే ఇచ్చిన షాక్ ఎంతోసేపు నిలవదు. అందుకే 15 సెకన్లలోపు మెడ మొదట్లో కత్తి దించి, గుండె దగ్గరి పెద్ద రక్తనాళాలు తెంచాలి.

చెడేది కూడా ఇక్కడే. కొసలకు తుప్పు, మురికి పట్టి ఉంటే కరెంటు సరిపడా పోదు. తొందరలో పటకారు మెడ మీద పెడితే పందికి నొప్పి పూర్తిగా తెలుస్తుంది, స్పృహ మాత్రం పోదు. పటకారు, కత్తి రెండూ ఒక్కడే చూసుకుంటే కోత ఆలస్యమవుతుంది. వెంట్రుకలు ఊడడానికి వేసే 60 డిగ్రీల నీళ్ల తొట్టిలోకి ఇంకా ఊపిరున్న పంది వెళ్లేది ఇలాంటి చోటే. ఇక పటకారే లేని చోట మూతికి తాడు బిగించి, కాళ్లు కట్టి గుండెల్లో పొడుస్తారు, లేదా సుత్తితో నెత్తిన కొడతారు. పక్కనున్న పందులు చూస్తూనే ఉంటాయి.

చట్టం లేదా అంటే, ఉంది. 2001 కబేళా నియమాల ప్రకారం మునిసిపల్ పరిధిలో లైసెన్సున్న కబేళాలోనే కోయాలి, ఒక జంతువు కళ్లముందు ఇంకోదాన్ని కోయకూడదు, చూడి పందిని అసలే ముట్టకూడదు. వెటర్నరీ డాక్టర్ గంటకు 12 జంతువులకు మించి పరీక్షించకూడదు. ముందు స్పృహ తప్పించి ఆ తర్వాతే రక్తం తీయాలని ఆహార భద్రత లైసెన్సు నిబంధనలూ చెబుతున్నాయి.

జాలి పడని వాళ్లు రుచి కోసమైనా ఆలోచించండి. బెదిరి పెనుగులాడిన పంది కండలో లాక్టిక్ యాసిడ్ గబగబా పెరుగుతుంది, ఒళ్లు చల్లారకముందే పీహెచ్ పడిపోతుంది. ఆ మాంసం పాలిపోయి, మెత్తబడి, మూకుట్లో వేయగానే నీళ్లు కక్కుతుంది.

ఫారాల సంగతి వేరే రాయాలి. చూడి పందిని 114 రోజులు ఒళ్లు తిప్పుకోలేని ఇనప చట్రంలో నిలబెట్టడం 1960 జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌కు విరుద్ధం. పందికి చెమట దాదాపు పట్టదు, ఒళ్లు చల్లబరుచుకోవడానికే బురదలో పొర్లుతుంది. ఎండాకాలంలో రేకుల షెడ్డులో నీళ్ల జల్లు పెట్టకుండా దాన్ని రోత జంతువు అనడం అన్యాయం.

ఈ ఆదివారం షాపులో ఇవి అడగండి: ఎక్కడ కోయిస్తారు, డాక్టర్ ముద్ర ఉందా, షాక్ ఇచ్చి కోస్తారా? నీళ్లు నమిలితే ఇంకో షాపు చూసుకోండి, ఎందుకు మారుతున్నారో కూడా వాళ్లకు చెప్పండి.