సర్వం తానే అయిన పెట్టె గారికి

మహారాజశ్రీ మా హాలు అల్మరా పై అరలో వేంచేసి ఉన్న నల్లపెట్టె గారికి, హనుమకొండ నుంచి ఒక విశ్రాంత టెలిఫోన్ ఉద్యోగి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, మీరు క్షేమంగా ఉన్నంతసేపు.

మీరు రాకముందు ఈ ఇంట్లో ఇంటర్నెట్ అంటే గోడ మేకుకు వేలాడే ఒక తెల్ల రౌటర్. దానికి ఒక్కటే పని వచ్చు. మా అబ్బాయికి అదే నచ్చలేదు. మిమ్మల్ని తెచ్చాడు. ఫ్యాను లేని అల్యూమినియం ఒళ్లు, వెనక నాలుగు నెట్‌వర్క్ పోర్టులు, లోపల ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్. ముందు మీలో, ఒక కంప్యూటర్‌ను పలు కంప్యూటర్లుగా పంచే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. దాని మీద, లేని కంప్యూటర్లను ఉన్నట్టుగా సృష్టించి, ఒకదానికి ఓపీఎన్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్ ఇచ్చి ఆ ఉద్యోగం వేశాడు. వెబ్‌సైట్ల పేర్లను అంకెల చిరునామాలుగా మారుస్తూ దారిలో ప్రకటనలను ఆపే డీఎన్ఎస్ గుమాస్తా మరొకటి. సినిమాలకు ఒకటి, ఫోటోలకు ఒకటి. బోరు మోటారు మీద, గేటు కెమెరా మీద పెత్తనానికి ఇంకొకటి. ఇంత కొలువుకూ మీరు పుచ్చుకునే కరెంటు పది పదిహేను వాట్లట. నలుగురి కొలువు ఒక్కరే చేస్తామంటే మా శాఖలో పై అధికారులకు ముందు అనుమానమే వచ్చేది.

“ఒకే పెట్టెలో ఇన్ని ఎందుకురా?” అంటే మావాడు ఊళ్లోని గుడినే సాక్ష్యం తెచ్చాడు. “వేయిస్తంభాల గుడి చూడలేదా బాపూ? శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురూ ఒకే మండపాన్ని పంచుకోవడం లేదా? 1163లో రుద్రదేవుడు చేసిందే నేనూ చేశాను” అన్నాడు. కాకతీయులను అడ్డం పెట్టుకుంటే ఓరుగల్లువాడు ఏం మాట్లాడతాడు? మూడు రోజులు ఆలోచించాక జవాబు తట్టింది. అక్కడ ముగ్గురికీ మండపం ఒకటే గానీ, విష్ణువును దర్శించుకోవాలంటే సూర్యుడు నిద్ర లేవాలన్న నియమం లేదు.

మీ దగ్గర ఉన్నది సరిగ్గా ఆ నియమమే. ఇంట్లో ప్రతి ఫోనుకూ టీవీకీ చిరునామా ఇచ్చేది మీలోని రౌటర్. బయటి లోకానికి దారి చూపేదీ అదే. అంతవరకూ సరే. మీకు, అంటే అన్నిటినీ మోస్తున్న అసలు పెట్టెకు, ఏదైనా దిగుమతి కావాలన్నా అదే రౌటర్‌ను అడగాలి. ఆ రౌటర్ లేవాలంటే ముందు మీరు లేవాలి. దానికి జబ్బు చేస్తే మందు ఇంటర్నెట్‌లో ఉంటుంది, ఇంటర్నెట్ దాని చేతిలో ఉంటుంది.

ఎండాకాలంలో కరెంటు పోయి వస్తే పాత రౌటర్ ఒకటి రెండు నిమిషాల్లో దీపాలన్నీ వెలిగించుకునేది. మీరు ముందు మేల్కొంటారు, తర్వాత ప్రాక్స్‌మాక్స్, తర్వాత రౌటర్, ఆ తర్వాత డీఎన్ఎస్ గుమాస్తా. ఎవరు ముందు, ఎవరు ఎన్ని క్షణాలు ఆగాలి అని మీకు వరుస సంఖ్యలు కూడా ఇవ్వాలి. ఇవ్వకపోతే సినిమాల విభాగం ఠంచనుగా హాజరవుతుంది, దాన్ని అడగడానికి దారి మాత్రం ఉండదు.

మొన్నటి ఆదివారం సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మావాడు మీలో సినిమాలు దాచడానికి ఎన్‌వీఎంఈ అనే రకం కొత్త డిస్క్ బిగించి, మీట నొక్కి, రైలుకు వేళైందని కాజీపేటకు పరుగెత్తాడు. కాసేపటికి చూస్తే ఇంట్లో ఇంటర్నెట్ మొత్తం మూగబోయి ఉంది. ఫోను చేస్తే రైలు జనగామలో ఉంది. “బాపూ, టీవీ తీగ తీసి పెట్టెకు తగిలించు” అన్నాడు. మా ఆవిడ సీరియల్ ఆ తీగకు అవతలి కొసన ఉంది. ఆమె చూసిన చూపు గురించి ఇక్కడ రాయను. టీవీ మీద నల్లటి తెర, తెల్లటి అక్షరాలు. “ఐపీ, ఖాళీ, లింక్ అని కొట్టు. పోర్టుల పేర్లు చదువు.” చదివాను. ఈఎన్‌పీ2ఎస్0, ఈఎన్‌పీ3ఎస్0, అలా ఐదు దాకా. అవతల కాసేపు నిశ్శబ్దం. “ఒకటి నుంచి కదా ఉండాలి?” అన్నాడు. కొత్త డిస్క్ లోపల ముందు వరుసలో కూర్చోవడంతో నాలుగు పోర్టుల పేర్లూ ఒక్కో అంకె వెనక్కి జరిగాయి. మీ చిట్టాలో మాత్రం పాత పేర్లే ఉన్నాయి. లోపలి రౌటర్‌ను బయటి పోర్టుకు కలిపే లంకెను వంతెన అంటారు. వీధి వైపు వంతెనను ఈఎన్‌పీ1ఎస్0కు కట్టమని రాసి ఉంది, ఆ పేరుగల పోర్టే ఇప్పుడు లేదు. ఇంటి వైపు వంతెనను ఈఎన్‌పీ2ఎస్0కు కట్టమని ఉంది, ఆ పేరేమో వీధి తీగ ఉన్న పోర్టుకు వచ్చింది. అంటే మా ఇంటి లోపలి తలుపు తిన్నగా వీధిలోకి తెరుచుకుంది, వీధి తలుపు గోడలోకి తెరుచుకుంది!

ఆలేరు దగ్గర సిగ్నల్ పోయింది. భువనగిరిలో తిరిగి దొరికాక, ఏ గీత ఎటు వాలాలో ఒక్కో అక్షరం చెప్పించుకుని ఆ చిట్టా తెరిచి, ఒకట్లను రెళ్లు, రెళ్లను మూళ్లు చేశాను. సికింద్రాబాద్ వచ్చేసరికి మీరు ఏమీ ఎరగనట్టు లేచి కూర్చున్నారు. ఇందులో ఏ సాఫ్ట్‌వేర్‌నూ తప్పుపట్టను. ప్రాక్స్‌మాక్స్ అడుగున ఉండే లినక్స్, పోర్టు ఉన్న చోటును బట్టి పేరు పెడుతుంది, చోటు మారింది, పేరు మారింది. ఒక్క రౌటర్ ఉద్యోగం మాత్రమే చేసే పెట్టెలో సినిమాలకు కొత్త డిస్క్ బిగించాల్సిన అవసరం ఎవరికీ రాదు, నేను అంటున్నది అంతే.

మా ఎక్స్ఛేంజీలో ఇలా ఉండేది కాదు. ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజీలు వచ్చాక ఒక ప్రాసెసర్ పని చేస్తుంటే రెండోది పక్కనే సిద్ధంగా ఉండేది. బ్యాటరీ గది వేరు. 48 వోల్టులు అక్కడి నుంచి తీగ వెంట ఇళ్లదాకా వెళ్లేవి కనుకే ఊరంతా చీకటైనా ఫోను మోగేది. ఆ ఏర్పాటు చేసినవాళ్లు యంత్రం ఎప్పుడు చెడుతుందా అని కాదు, చెడినప్పుడు ఎవరు జవాబిస్తారా అని ముందే లెక్క వేసుకున్నారు.

ఒక యంత్రాన్ని పలు యంత్రాలుగా చూపించే విద్య పాతదేనట. ఐబీఎం వాళ్లు 1972లోనే వీఎం/370 తెచ్చారు. అప్పుడు కంప్యూటర్ ఒక గదంత ఉండేది, ధర ఆకాశంలో ఉండేది, కనుక పంచుకోక తప్పలేదు. అల్మరాలో చెప్పుల డబ్బా పక్కన ఇమిడే మీకు ఆ ఇరుకు ఏమొచ్చిందో నాకు బోధపడలేదు. మీలో అద్దెకున్న కంప్యూటర్ల మధ్య గోడలు గట్టివని మావాడి భరోసా. గట్టివే. కానీ 2015లో వెనమ్ అనే లోపం బయటపడింది. మీలాంటి వాటి అడుగున పనిచేసే క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో, ఎవరూ వాడని ఫ్లాపీ డ్రైవ్ తాలూకు కోడ్‌లో అది 2004 నుంచి దాక్కుని ఉంది. ఆ సందులోంచి లోపలి కంప్యూటర్, తనను మోసే యంత్రంలోకే చొరబడగలిగేది. దాన్ని ఎప్పుడో సరిదిద్దారు. అయినా లేని ఫ్లాపీకి నిజమైన కన్నం పడిందంటే వినడానికి బాగుంది గానీ, వీధి తలుపు కాసేవాడూ మా పెళ్లి ఫోటోలూ అదే గోడకు ఆనుకుని ఉన్నారు.

మీ సుగుణాలు దాచను. మార్పు చేసేముందు రౌటర్ మొత్తాన్ని స్నాప్‌షాట్ తీసిపెట్టుకోవచ్చు, వికటిస్తే నిమిషంలో పాత స్థితికి తేవచ్చు. ఇది మా కాలంలో ఉంటే నా జుట్టు కొంత మిగిలేది. ఫోటోలు పరాయివాళ్ల చేతికి పోకుండా ఇంట్లోనే ఉంటున్నాయి. సినిమాల పనికి మిమ్మల్ని మించినవారు లేరు.

కనుక నా విన్నపం చిన్నది. రౌటర్ ఉద్యోగానికి రాజీనామా ఇవ్వండి. పాత తెల్ల రౌటర్‌ను నేను పారేయలేదు, తుడిచి మేకుకు తగిలించాను. మిగతా కొలువంతా మీదే. మోటారు విషయంలో కూడా పంతం పట్టను. గోడ మీద స్టార్టర్ స్విచ్ ఇంకా ఉంది, దానికి అప్‌డేట్లు రావు.

ఇట్లు,
మీ అరకు రెండు అడుగుల దూరంలో కూర్చునే వ్యక్తి

తా.క.: ఈ ఉత్తరం చదివి మావాడు నా మాటలో న్యాయం ఉందన్నాడు. ఒక్కరి మీదే భారం తగదట, మీలాంటి పెట్టె ఇంకొకటి కొని ఇద్దరినీ జత కడతాడట. కానీ జతలో ఒకరు పోతే మిగిలిన ఒక్కరికి మెజారిటీ ఉండదు కాబట్టి నిర్ణయాలు ఆగిపోతాయట, అందుకని ఓటు వేయడానికి మూడోది కూడా కావాలట. మా ఆవిడ అప్పుడే అల్మరా పై అరలో పచ్చడి జాడీలు సర్దేసింది.