పల్లెటూరి పబ్బంటే బెల్టు షాపు కాదండీ

ఇంగ్లండ్‌లో ఉంటున్న మన తెలుగువాళ్ల కోసం రాస్తున్నాను. మొన్న ఒక పుట్టినరోజు భోజనాల దగ్గర ఒకాయన "మా ఊళ్లో పబ్బు మూసేశారండీ, పీడా వదిలింది" అంటే, చుట్టూ ఉన్నవాళ్లు తలలూపారు. నాకు కడుపు మండిపోయింది. నేను చుక్క ముట్టను. అయినా చెప్తున్నాను, ఇక్కడ పల్లెటూరి పబ్బంటే ఆ ఊరి రచ్చబండ.

డెవన్‌లో డార్ట్‌మూర్ అంచున డ్రూస్టెయిన్టన్ అనే చిన్న ఊరుంది. అక్కడ చర్చి పక్కనే గడ్డి కప్పుతో ఉన్న పాత పబ్బు డ్రూ ఆర్మ్స్. మేబెల్ మడ్జ్ అనే ఆవిడ 1919 నుంచి 1994 దాకా, 75 ఏళ్లు దాన్ని నడిపారు. మానేసేనాటికి ఆవిడకి 99 ఏళ్లు. అందరికీ ఆవిడ ఆంటీ మేబెలే. (పబ్బు పేరులో ఉన్న డ్రూ కుటుంబానికి దగ్గర్లోనే క్యాజిల్ డ్రోగో అనే కోట కట్టిన ఆర్కిటెక్టు ల్యుటెన్సే, ఢిల్లీలో నిజాంకి హైదరాబాద్ హౌస్ కట్టాడు.)

అమ్మ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాను. గుమ్మం ముందే ఆగిపోయింది. "ఆడవాళ్లు వెళ్తారట్రా ఇందులోకి?" అంది. తర్వాత తలెత్తి కప్పు వైపే చూస్తూ ఉండిపోయింది. "గోధుమ గడ్డా? ఎంత మందంగా వేశారో! మన వరిగడ్డయితే మూడేళ్లకే కుళ్లిపోయేది." లోపల సినిమాల్లో చూపించే కౌంటరే లేదు. పీపాలు వెనక గదిలో ఉంటే, చిన్న కిటికీలోంచి గ్లాసులు అందిస్తున్నారు. ఒక పెద్దాయన కాళ్ల దగ్గర కుక్క నిద్రపోతోంది. పక్క బల్ల దగ్గర ఇద్దరు ముసలమ్మలు ఏదో పెళ్లి గురించి మాట్లాడుకుంటున్నారు. అమ్మ టీ తాగుతూ గంటన్నర కూర్చుంది, లేవమంటే లేవలేదు.

ఇలాంటి పబ్బులు, తాగేవాళ్లు తగ్గిపోయి మాత్రమే మూతపడటం లేదు. కరెంటు బిల్లు, పన్నులు, గడ్డి కప్పుకి ఎక్కువ ఇన్సూరెన్సు అన్నీ మీద పడతాయి. పైగా చాలా ఊళ్లలో ఆ స్థలం పబ్బుగా కంటే ఇల్లుగా అమ్మితేనే ఎక్కువ పలుకుతుంది. అందుకే 2011లో వచ్చిన లోకలిజం చట్టం కింద ఊరివాళ్లు తమ పబ్బుని ఊరికి విలువైన ఆస్తిగా నమోదు చేయించుకోవచ్చు. అప్పుడు యజమాని అమ్మకానికి పెడితే, డబ్బు పోగు చేసుకోవడానికి ఊరికి ఆరు నెలల గడువు దొరుకుతుంది. 2017 నుంచి పబ్బుని పడగొట్టాలన్నా, ఇల్లుగా మార్చాలన్నా ప్లానింగ్ అనుమతి తప్పనిసరి.

మేముంటున్న ఊళ్లో అవేవీ అక్కరకు రాలేదు. ఎవరూ నమోదు చేయించలేదు. నేనూ చేయించలేదు, అడగాలన్న ఆలోచనే రాలేదు. పబ్బు మూసేశారు, బోర్డు పీకేశారు. పోయిన చలికాలంలో మా పక్కింటి పెద్దాయన చనిపోయారు. చర్చిలో ప్రార్థన అయ్యాక అందరం వానలో గేటు దగ్గర నిలబడ్డాం. ఎక్కడ కూర్చుని ఆయన గురించి మాట్లాడుకోవాలో ఎవరికీ తెలియలేదు. పది నిమిషాలు చూసి, ఎవరి కారు వాళ్లు ఎక్కేశాం.