గోల్డెన్‌రాడ్ కమ్యూనికేషన్ సెంటర్ వారికి ఒక అర్జీ

మహారాజశ్రీ జోహ్తో ప్రాంతం, గోల్డెన్‌రాడ్ సిటీ, పోకెమాన్ కమ్యూనికేషన్ సెంటర్ వారి దివ్యసముఖానికి,

నమస్కరించి రాయునది ఏమనగా... ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ ఉభయుల్లో ఒకరి కుశలం 2002 డిసెంబరులోనే ఆగిపోయింది కదా, అందుకని నాదొక్కటే చెప్తాను. బాగానే ఉన్నాను. నా హాంటర్ అనే పోకెమాన్ మాత్రం ఇంకా హాంటర్‌గానే ఉంది. దాని సంగతికి తర్వాత వస్తాను.

మీరెవరో ఎరగని వాళ్ళ చేతిలో ఈ ఉత్తరం పడితే కంగారుపడతారు, కాబట్టి మీ పరిచయం కాస్త. చేతిలో పట్టుకుని ఆడే గేమ్‌బాయ్ కలర్ మీద, పోకెమాన్ అనే వింత జీవుల్ని పట్టి, పెంచి, పోటీకి దింపే పోకెమాన్ క్రిస్టల్ అనే ఆట 2000 డిసెంబరు 14న జపాన్‌లో వచ్చింది. అందులో గోల్డెన్‌రాడ్ మహా పట్నం. డిపార్ట్‌మెంట్ స్టోరు, రేడియో టవరు, మాగ్నెట్ రైలు అన్నీ అక్కడే. మిగతా ఊళ్ళలో పోకెమాన్ సెంటర్ అంటే ధర్మాసుపత్రి. దెబ్బలు తిన్న వాటిని నర్సమ్మ చేతికిస్తే, చిన్న ట్యూన్ మోగేలోపు నయం చేసి, పైసా అడక్కుండా తిరిగి ఇచ్చేస్తుంది. గోల్డెన్‌రాడ్‌లో మాత్రం ఆ ఆసుపత్రిని విస్తరించి, ఒక పక్కన పోకెమాన్ మార్పిడి కౌంటరు, ఇంకో పక్కన వార్తల మెషీను, లోపల ఆఫీసు గది పెట్టి తమర్ని నిలబెట్టారు. దేశం మొత్తం మీద ఎక్కడో ఉన్న ముక్కూమొహం తెలియని పిల్లాడితో పోకెమాన్ మార్చుకోవచ్చన్నారు. అప్పటిదాకా మార్చుకోవాలంటే పక్కన కూర్చుని వైరు కలుపుకోవడమే గతి. నిజం చెప్పొద్దూ, ఆలోచన బ్రహ్మాండం.

ఇక తమరి దర్శనానికి కావలసిన సామగ్రి చూద్దాం. గేమ్‌బాయ్ ఉండాలి. క్యాసెట్ ఉండాలి. 2001 జనవరి 27న వచ్చిన మొబైల్ అడాప్టర్ ఉండాలి, 5,800 యెన్‌లు. దాని ఒక కొస గేమ్‌బాయ్‌కి, రెండో కొస సెల్‌ఫోన్‌కి గుచ్చాలి. ఏ ఫోనుకి పడితే ఆ ఫోనుకి ఏ అడాప్టర్ పడితే అది కాదు. నీలం రంగుది ఒక రకం ఫోన్లకి, పసుపుది ఇంకో రకానికి, ఎరుపుది మరో రకానికి. ఆకుపచ్చది కూడా అనుకున్నారట, అది అమ్మకానికే రాలేదు. తెల్ల కార్డు, గులాబీ కార్డు చూసిన ప్రాణం కాబట్టి నాకిది వెంటనే అర్థమైంది. ఆ పైన వయసు, ఊరు, పిన్‌కోడ్‌తో దరఖాస్తు. ఎదుటివాడికి చెప్పాల్సిన పలకరింపు కూడా సొంతంగా రాయడానికి లేదు, తమరి జాబితాలో ఉన్న మాటల్నే ఏరుకుని పేర్చుకోవాలి. ఇదంతా అయ్యాక, పదేళ్ళ పిల్లాడు వాళ్ళ నాన్న సెల్‌ఫోన్ అడిగి పుచ్చుకోవాలి. అది 2001 అని మర్చిపోకండి. ఆ రోజుల్లో మా వైపు ఫోన్ వచ్చినా డబ్బులే. 2003లో గానీ ఇన్‌కమింగ్ ఫ్రీ కాలేదు. అప్పటిదాకా సెల్‌ఫోన్‌తో మేం చేసిన కమ్యూనికేషన్ అంతా మిస్డ్ కాల్.

పాపం, ఇన్ని తిప్పలు పడి ఎంతమంది మాత్రం వస్తారు? 23 నెలలు నిండకుండానే తమరి సర్వీసు ఆపేశారు. అదీ క్రిస్టల్ రెండో పుట్టినరోజు వచ్చిన నెలలోనే. కేకు కోశారో లేదో మరి.

ఇక్కడిదాకా జపాన్ పిల్లల బాధ. నా బాధ వేరే. తమరు నాకు పుట్టనే లేదు.

2003లో గుంటూరు బ్రాడీపేటలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో, గంటకి 20 రూపాయలిచ్చి, నాలుగో నంబరు సిస్టంలో నేను క్రిస్టల్ ఆడాను. గేమ్‌బాయ్ ఆటల్ని కంప్యూటర్లో నడిపించే ఎమ్యులేటర్ మీదే లెండి, ఆ పాపం ఒప్పుకుంటున్నాను. నా పక్క కుర్చీలో మా పెదనాన్న గారి అబ్బాయి. ఇద్దరికీ ఒకటే కీబోర్డు. నేను నడిపిస్తే వాడు ఎక్కడికెళ్ళాలో చెప్తాడు, వాడు నడిపిస్తే నేను తప్పులు పడతాను. గోల్డెన్‌రాడ్‌లో విట్నీ అనే అమ్మాయి దగ్గర మిల్‌ట్యాంక్ అనే ఆవు ఉంటుంది. అది దొర్లుకుంటూ వచ్చి, ప్రతి దొర్లుడికీ రెట్టింపు బలంతో మా జట్టు మొత్తాన్ని చదును చేసింది. నాలుగు రోజులు, 80 రూపాయలు, ఒక ఆవు మీద పోయాయి. ఓడిన ప్రతిసారీ పరిగెత్తింది అదే ఊళ్ళోని పోకెమాన్ సెంటర్‌కే. అంటే, తమరు ఉండాల్సిన జాగాకే. మా ఇంగ్లీషు ఆటలో అక్కడ మామూలు ఆసుపత్రి ఒక్కటే ఉంది. తమర్ని విదేశాలకి పంపేటప్పుడు, ఫోన్ వ్యవహారం బయట నడవదని, పడగొట్టి పాత కట్టడాన్నే పెట్టేశారు.

పడగొట్టారనుకున్నాను. తర్వాత తెలిసింది, పడగొట్టలేదు! ఇంగ్లీషు క్యాసెట్ లోపలి డేటాని విప్పి చూసిన వాళ్ళకి తమరు దొరికారు. ఆ గదుల మ్యాపులు అలాగే ఉన్నాయి. అక్కడి మనుషుల మాటలు ఇంగ్లీషులోకి తర్జుమా చేసి మరీ ఉన్నాయి. దారి ఒక్కటే లేదు. నేను ఆవు చేతిలో తన్నులు తిని, ఏడుపుమొహంతో ఆ తలుపు దాటిన ప్రతిసారీ, తమరు అదే క్యాసెట్‌లో తాళం వేసిన తాలూకాఫీసులా కూర్చుని ఉన్నారన్నమాట. ఒక్కసారి దగ్గితే పోయేది కదండీ.

అంతటితో ఆగితే ఈ అర్జీ పెట్టేవాణ్ణి కాదు. సెలెబీ మీ దగ్గర ఉండిపోయింది.

సెలెబీ అంటే పోకెమాన్‌ల పట్టికలో 251వ నంబరు, అప్పటికి చిట్టచివరిది. దాన్ని పట్టాలంటే జీఎస్ బాల్ అనే ప్రత్యేకమైన బంతి కావాలి. జీఎస్ బాల్ ఇచ్చేది తమరు. దాన్ని అజేలియా ఊళ్ళో బంతులు చేసే కర్ట్ తాతకి చూపించాలి, ఆయన పరీక్షించాక ఐలెక్స్ అడవిలో గుడి దగ్గరికి తీసుకెళ్ళాలి, అప్పుడు సెలెబీ ప్రత్యక్షం. తమరు లేని ఇంగ్లీషు ఆటలో కర్ట్ తాత ఉన్నాడు, అడవి ఉంది, గుడి ఉంది. మొదటి మెట్టు తీసేసి మేడంతా వదిలిపెట్టారు. నేనూ అన్నయ్యా ఆ గుడి ముందు నిలబడి ఎన్నిసార్లు బటన్ నొక్కామో లెక్క లేదు. అడవిని కాపాడే దేవుడి గుడి అన్న ముక్కే మళ్ళీ మళ్ళీ వచ్చేది. అర్ధరాత్రి వెళ్తే వస్తుందని అన్నయ్య అన్నాడు. ఆ ఆటలో గడియారం ఉంది కాబట్టి నమ్మాను. ఇంటర్నెట్ సెంటర్ రాత్రి పదింటికి మూసేస్తారు కాబట్టి ఆ సిద్ధాంతం ఈ రోజుకీ అబద్ధమని తేలలేదు. సిస్టం గడియారం మార్చొచ్చన్న సంగతి మాకు తట్టలేదు, అది వేరే అవమానం.

తమరి పని తీరు గురించి ఇంకో చిన్న ముచ్చట. జపాన్‌లో వింత గుడ్డు ఒకటి కావాలంటే తమరి దగ్గర ఎగ్ టికెట్ పుచ్చుకుని, అదే కౌంటర్లో మార్చుకోవాలట. అదే గుడ్డుని మాకు ఎవరిచ్చారో తెలుసా? గోల్డెన్‌రాడ్ పక్క రోడ్డు మీద, పోకెమాన్‌ల పెంపకం చూసుకునే ముసలాయన. టికెట్ లేదు, ఫోన్ లేదు, దరఖాస్తు లేదు. ‘తీసుకో బాబూ’ అన్న టైపులో చేతిలో పెట్టి పంపించాడు. ఒక ఆఫీసు మొత్తం చేసే పనిని ఒక తాత వీధరుగు మీద చేసేశాడు. ఇది మీ సిబ్బందికి చదివి వినిపించండి.

ఇప్పుడు హాంటర్. అది జెంగర్‌గా మారాలంటే ఇంకొకరికి ఇవ్వాలి. యుద్ధాలు ఎన్ని చేసినా, 100వ లెవెల్ వచ్చినా మారదు, చేతులు మారితేనే మారుతుంది. మామూలు పోకెమాన్ సెంటర్ పై అంతస్తులో, వైరు కలుపుకునే వాళ్ళకి మార్పిడి కౌంటర్ ఉంటుంది. అక్కడి అమ్మాయి ముందు ఆట సేవ్ చేయమంటుంది, కాసేపు ఆగమంటుంది, ఆ తర్వాత మీ ఫ్రెండ్ ఇంకా రెడీగా లేరంటుంది. నా ఫ్రెండ్ మోచేతి దూరంలో మిర్చి బజ్జీ తింటున్నాడమ్మా, రెడీగానే ఉన్నాడు, సిస్టం ఒకటే ఉంది అని ఎలా చెప్పను? ఆ వేసవి చివర్లో సెంటర్ ఆయన నాలుగో నంబరు సిస్టం ఫార్మాట్ కొట్టాడు. మొదటి హాంటర్ కథ అంతటితో సరి.

తమరి తర్వాత తమరి వంశంలో ప్రయోజకులు పుట్టారని ఒప్పుకోవాలి. 2006లో డైమండ్, పర్ల్ ఆటల్లో జూబిలైఫ్ సిటీలో గ్లోబల్ ట్రేడ్ స్టేషన్ వెలిసింది. ఫోన్ అక్కర్లేదు, వైఫై చాలు. అన్నయ్య డాలస్‌లో చేరి, 2008లో వస్తూ నాకో డీఎస్, అంటే ఆ ఆటలు ఆడే మెషీను, తెచ్చిపెట్టాడు. ఆ డీఎస్‌కి పాత రకం వైఫై తాళం తప్ప అర్థం కాదు. దానికోసం మా రౌటర్ సెక్యూరిటీని కిందికి దించాను. ఆ వేసవి మా అపార్ట్‌మెంట్ మూడంతస్తుల వాళ్ళూ మా వైఫైలోనే సినిమాలు చూశారు.

ఆ స్టేషన్‌లోకి అడుగుపెట్టగానే నాకు పరాయి చోటు అనిపించలేదు. అచ్చంగా మన పెళ్ళి సంబంధాల పేజీ. ఇచ్చేది: బిడూఫ్ అనే మామూలు పోకెమాన్, 3వ లెవెల్, పళ్ళు ఎత్తు. కావలసినది: పాల్కియా, 9వ లెవెల్ లోపు మాత్రమే. పాల్కియా అంటే అంతరిక్షాన్నే శాసించే దేవత, ఆటలో ఎదురయ్యేదే 47వ లెవెల్‌లో. 9 లోపు పాల్కియా న్యాయంగా ఈ లోకంలో లేదు. అయినా అడగడానికేం! అబ్బాయి మూడు సబ్జెక్టులు మిగిలిన డిగ్రీ, అమ్మాయి మాత్రం డాక్టరై ఉండాలి, వయసు ఇరవై దాటకూడదు. ఇంకో విశేషం వినండి. వేరే భాష ఆటలోంచి వచ్చిన పోకెమాన్‌తో జత కడితే, అరుదైన రంగులో మెరిసే పిల్ల పుట్టే అవకాశం ఎక్కువ. ఆట తయారుచేసిన జునిచి మసుదా పేరు మీద దానికి మసుదా పద్ధతి అంటారు. మా ఇళ్ళల్లో దాన్ని ఫారిన్ సంబంధం అంటారు.

నేను స్టార్లీని పెట్టి, మర్యాదగా, ఈవీ కావాలని అడిగాను. పొద్దున లేచి చూస్తే వచ్చేసింది. పేరు జపాన్ అక్షరాల్లో ఉంది. థాంక్స్ చెప్పే వీలు లేదు, మళ్ళీ కలిసే దారి లేదు. ఎవరో, ఎక్కడో, నా స్టార్లీ చాలనుకున్నారు. ఆ మనిషి చిన్నప్పుడు తమరి కౌంటర్ ముందు నిలబడి ఉంటాడా అని చాలాసేపు ఆలోచించాను. పేరు చదవలేకపోయినా మార్చలేదు. మార్చడం కుదరదనుకోండి, వేరే వాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన దానికి పేరు మార్చనివ్వరు. కుదిరినా మార్చేవాణ్ణి కాదు.

2014 మే 20న ఆ స్టేషన్‌కీ దీపం ఆర్పేశారు. మీ వంశంలో అల్పాయుష్షు ఉన్నట్టుంది.

చివరికి 2018 జనవరి 26. క్రిస్టల్‌ని, డీఎస్ తర్వాత వచ్చిన 3డీఎస్ మెషీన్‌లో మళ్ళీ విడుదల చేశారు. ఈసారి ఇంగ్లీషులో కూడా జీఎస్ బాల్ ఉంది! అన్నయ్య కొత్త మెషీన్‌కి మారుతూ, ఆట ఎక్కించి ఉన్న 3డీఎస్‌ని నాకు పంపాడు. ఆఫీసు నుంచి వచ్చాక రోజుకో గంట ఆడాను. ఆ ఆవు మళ్ళీ తొక్కింది. ఉద్యోగస్తుణ్ణని కూడా చూడలేదు. ఆట మొత్తం గెలిస్తే గానీ బంతి ఇవ్వరట, గెలిచాను. గోల్డెన్‌రాడ్ సెంటర్లోకి వెళ్ళి, వెనక్కి తిరిగి బయటికి వస్తుంటే కౌంటర్ అమ్మాయి తనంతట తనే నడుచుకుంటూ వచ్చి జీఎస్ బాల్ చేతిలో పెట్టింది. అంతే. ఫోన్ లేదు, అడాప్టర్ లేదు, పిన్‌కోడ్ లేదు. ఎవరితోనూ కమ్యూనికేషన్ లేదు. 17 ఏళ్ళు పట్టి ఉంచిన ఫైలు మీద, ఎవరూ అడక్కుండానే సంతకం పెట్టి ఇచ్చేసినట్టు. ఆ పెంపకం తాత దగ్గర నేర్చుకుని ఉంటుంది.

చేతులు వణుకుతూ అజేలియాకి పరిగెత్తాను. కర్ట్ తాత బంతి తీసుకుని తిప్పి చూశాడు. పరీక్షించాలి, రేపు రమ్మన్నాడు.

రేపు రమ్మన్నాడండీ!

వెళ్ళాను లెండి, ఏం చేస్తాను. అడవిలో సెలెబీ వచ్చింది, 30వ లెవెల్. పట్టాను. ఆనందం పంచుకుందామని డాలస్‌కి ఫోన్ చేస్తే అక్కడ తెల్లవారుజామున మూడైంది. మా కమ్యూనికేషనూ అలాగే ఉంది, మిమ్మల్ని అని ఏం లాభం.

కాబట్టి నా అర్జీ ఏమిటంటే, ఏమీ లేదు. పాత బాకీ చెల్లయింది, తమరు సుఖంగా క్యాసెట్‌లో నిద్రపోవచ్చు. మిగిలింది ఈ 3డీఎస్ ఆటలోని రెండో హాంటర్ ఒక్కటే. ఈ సంక్రాంతికి అన్నయ్య గుంటూరు వస్తున్నాడు, ఇంకో పాత 3డీఎస్ పట్టుకుని. రెండు మెషీన్లూ పక్కపక్కన పెడితే తమరి అవసరం లేకుండానే మార్పిడి అయిపోతుంది. నేను హాంటర్‌ని ఇవ్వాలి, వాడి దగ్గర అది జెంగర్ అవ్వాలి, వాడు నాకు తిరిగి ఇవ్వాలి.

వాడు తిరిగి ఇస్తాడో లేదోనని ఇప్పట్నుంచే టెన్షన్‌గా ఉంది.

చిత్తగించవలెను.

ఇట్లు,
నాలుగో నంబరు సిస్టం కుర్రాడు

తా.క.: పై అంతస్తు కౌంటర్ అమ్మాయిని అడిగానని చెప్పండి. సంక్రాంతికి నా ఫ్రెండ్ రెడీగానే ఉంటాడు.