ఒక్కో థీసిస్‌కు 30 ఎలుకలు దేనికి?

గుంటూరు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీ యానిమల్ హౌస్‌లోకి ఓసారి వెళ్లాను. తలుపు తీయగానే వరి ఊక, మూత్రం కలిసిన ఘాటు. పంజరాల్లో తెల్ల ఎలుకలు. గుర్తు కోసం ఒకదానికి తల మీద, ఇంకోదానికి వీపు మీద, మరోదానికి తోక మొదట్లో పిక్రిక్ యాసిడ్ పసుపు మరక. గ్రూపుకు 6 చొప్పున 5 గ్రూపులు. ‘‘ఇవి రేపటితో అయిపోతాయండీ’’ అంది ఎం.ఫార్మసీ అమ్మాయి.

ఏదో ఆకు సారం షుగర్ తగ్గిస్తుందా అన్నది ఆమె ప్రాజెక్టు. అలాక్సాన్ ఎక్కించి ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతారు, గొట్టంతో సారం పోస్తారు, కంటి మూల నుంచి రక్తం తీస్తారు, చివరికి మత్తు ఎక్కువిచ్చి చంపేస్తారు. మన ఇళ్లలో ఎక్కువగా ఉండేది టైప్-2 షుగర్. అందులో ఇన్సులిన్ ఉన్నా ఒంటికి పట్టదు. కణాలే చచ్చిన ఎలుక దాని గురించి చెప్పేది తక్కువ. నేరేడు గింజ, కాకర, పొడపత్రి మీద ఇదే తంతు ఎన్నిసార్లయిందో!

ఎలుకల మీద పరీక్షలే వద్దనడం లేదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధన బృందం 1940ల్లో తెచ్చిన బోదకాలు మందు డీఈసీ గుణం తేలింది పత్తి ఎలుకల్లోనే. ఇంటింటికీ తెచ్చిచ్చిన ఆ మాత్రలు మింగినవాళ్లమే మనం. అలాగని జంతువు గట్టెక్కితే మనిషికి భరోసా అనుకోలేం. 2006లో లండన్‌లో కోతులు తట్టుకున్న మందే ఆరుగురు వలంటీర్లను ఐసీయూ పాలు చేసింది.

చట్టం కొత్తదేం కాదు. పుస్తకాలు, నమూనాలతో పని జరిగేచోట ప్రయోగాలు మానుకోవాలని 1960 నాటి జంతుహింస నివారణ చట్టమే చెప్పింది. మనిషి కణాలతో చేసే పరీక్షలకు 2023లో కేంద్రం కొత్త మందుల నిబంధనల్లో చోటిచ్చింది. అవి ఖరీదు, చిన్న కాలేజీకి ఎలుకే చౌక. నిజమే. కానీ పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైమును ఆ ఆకు ఆపుతుందో లేదో పరీక్షనాళికలోనే తెలుస్తుంది. ఒక డిగ్రీకి ఆ పని చాలదా?

‘‘ఎలుకల డేటా లేకపోతే జర్నల్ వాళ్లు తీసుకోరండీ’’ అన్నారు గైడు. అంటే ఆ 30 ప్రాణాలు పోయేది రోగి కోసం కాదు, పేపరు కోసం. అలాంటప్పుడు కాలేజీ ఎథిక్స్ కమిటీ ఎలుకల సంఖ్య తగ్గించమంటే సరిపోదు. ఈ ఆకు మీద ఇదివరకు ఎవరు చేశారు, మళ్లీ ఎందుకని దరఖాస్తు దగ్గరే నిలదీయాలి.