‘కుక్కలకు స్వాగతం’ బోర్డు గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ బోర్డు గారికి,

విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో, మా వీధి మలుపున ఈమధ్యే వెలసిన బిస్ట్రో గేటుకు వేలాడుతూ, నాలుగు పాదముద్రల నడుమ ‘మీ పెంపుడు కుక్కలకు స్వాగతం’ అని చిరునవ్వులు చిందిస్తున్న తమరికి, ఆ మాటను అక్షరాలా నమ్మి గత ఆదివారం సాయంత్రం మా రాజుగాడిని వెంటబెట్టుకు వచ్చిన అమాయకుడు రాసుకొనే విన్నపం.

రాజు పుట్టింది పెదజాలారిపేటలో, ఆరబెట్టిన వలల గుట్ట మీద. ఆ సంగతి నేనుగా చెప్పలేదు, ‘‘బ్రీడ్ ఏటండీ?’’ అని తమరి కింద నిలబడ్డ కుర్రవాడే అడిగాడు. ‘‘ఇక్కడిదే బాబూ’’ అన్నాను. అతడు లోపలికి వెళ్ళి, మేనేజరుతో మంతనాలాడి వచ్చి, ‘‘మీకు బయటైతే గాలి బాగా తగుల్తుందండీ’’ అంటూ ప్రహరీ వారన ఉన్న బల్ల చూపించాడు. గాలికి నిజంగానే లోటు లేదు, ఏసీ ఔట్‌డోర్ యూనిట్ ఆ బల్ల పక్కనే ఉంది. అద్దానికి అవతల, సైబీరియా చలికి మొలిచిన బొచ్చుతో మన ఉక్కపోతలోకి వచ్చిపడిన ఒక హస్కీ హాయిగా పడుకొని ఉంటే, దాని దగ్గరి వేడినంతా తోడి ఆ యంత్రం మా రాజు మొహాన పోస్తోంది. కుక్కకు మనలా ఒంటినిండా చెమట పట్టదు. నాలుక చాపి వగర్చగా ఆ తడి ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది, సముద్రపు తేమ నిండిన ఈ ఊరి గాలిలో అదీ త్వరగా ఆరదు. పాపం, హస్కీని అనడానికేమీ లేదు.

అందరికీ అనుమానం కలిగించింది మాత్రం రాజు చెవి. దాని కొసన చిన్న కత్తిరింపు ఉంటుంది. అది చూసి పక్క బల్ల ఆవిడ తన పాపను దగ్గరకు లాక్కుంది. అయ్యా, అది కొట్లాటలో తగిలిన గాయం కాదు. వీధికుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి వదిలేటప్పుడు గుర్తుగా పెట్టే గాటు. తన టీకా సంగతిని చెవికే తగిలించుకు తిరిగే పెద్దమనిషి ఆ సాయంత్రం అక్కడ వాడొక్కడే. ఆ తరువాత ఏటేటా నేను వేయించిన టీకాల కార్డు కూడా జేబులోనే ఉంది గానీ, జాతి అడిగినవారికి దాన్ని అడగాలని తోచలేదు.

‘శునక భోజనం’ పేరిట 280 రూపాయలకు వచ్చిన గిన్నెలో, కోడిమాంసం మీద వేయించిన ఉల్లిపాయలు అందంగా చల్లి ఉన్నాయి. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి గనుక గిన్నెను వెనక్కి పంపాను. బిల్లు మాత్రం వెనక్కి వెళ్ళలేదు.

కాబట్టి తమరు ‘పెంపుడు’కు ముందు ‘విదేశీ’ అని ఒక మాట రాయించుకోండి, లేదా ఆ యంత్రం మొహాన్ని సముద్రం వైపు తిప్పించండి. వచ్చే ఆదివారం మళ్ళీ వస్తున్నాం.

ఇట్లు,
రాజుగాడి తరఫున, తమ విధేయుడు.

తా.క.: రాజు సంతకం చేయలేడు. తన అభ్యంతరాన్ని వెళ్ళేటప్పుడే తమరి గేటు స్తంభం మొదట్లో దాఖలు చేశాడు.