బక్‌థార్న్ పెంచమంటున్న ఫార్వర్డ్‌కి జవాబు

అమెరికాలోని మిన్నెసోటాలో ఉంటున్న మన తెలుగువాళ్ల మధ్య బక్‌థార్న్ అనే ముళ్ల పొద గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది: "మీ పెరట్లో ఉన్న బక్‌థార్న్ మన రేగుకి చుట్టం. పళ్లు పక్షులకు మంచి తిండి. పైసా ఖర్చు లేని కంచె. వద్దనుకుంటే ఎప్పుడైనా నరికేయొచ్చు."

చుట్టరికం నిజమే, రెండూ ఒకే కుటుంబం. అయితే ఈ పళ్లు మనం తినేవి కావు. బఠానీ గింజంత ఉండే ఈ నల్లటి పళ్లలో ఎమోడిన్ అనే పదార్థం ఉంటుంది, అది కడుపు నొప్పి, విరేచనాలు తెప్పిస్తుంది. యూరప్‌లో ఒకప్పుడు వీటిని విరేచనాల మందుగానే వాడారు. పిల్లల చేతికి అందనివ్వకండి.

పక్షులు తింటాయి, కాదనను. కానీ వాటికి దక్కే పోషణ తక్కువ, మాంసకృత్తులు అంతంతమాత్రం. గింజలు మాత్రం రెట్టతో పాటు ఊరవతల అడవిదాకా వెళ్తాయి.

ఇక కంచె. 1800ల మధ్యలో యూరప్ నుంచి దీన్ని తెచ్చింది అందుకే! 1930లలోనే ఇక్కడి నర్సరీలు అమ్మడం మానేశాయి, కానీ అప్పటికే చేయి దాటిపోయింది. ఇప్పుడు ఈ రాష్ట్రంలో అమ్మడమే చట్టవిరుద్ధం. అక్టోబరు చివర్లో మేపుల్ ఆకులు రాలాక అడవి వైపు చూడండి. కింద పొదలు ఇంకా పచ్చగా ఉన్నాయంటే చాలావరకు ఇదే. వసంతంలోనూ అందరికంటే ముందే చిగురిస్తుంది. ఆ నీడలో ట్రిలియం పూలు, ఓక్ మొలకలు నిలదొక్కుకోలేవు. పొలాలకీ తలనొప్పే: సోయాబీన్‌ని పీల్చే పేనుబంక చలికాలమంతా గుడ్ల రూపంలో దీని మొగ్గల దగ్గరే దాక్కుంటుంది. ఓట్స్‌కి వచ్చే క్రౌన్ రస్ట్ తెగులుకీ ఇదే ఆశ్రయం. మనకి ఖర్చు లేదు సరే, రైతుకి?

అన్నిటికంటే ముంచేది ఆ మెసేజ్‌లోని ఆఖరి మాట, ఎప్పుడైనా నరికేయొచ్చన్నది. నరికి చూడండి, లోపల చేవ నారింజ రంగులో ఉంటుంది. కొమ్మ చివర చిన్న ముల్లు కూడా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. మోడుని అలా వదిలేశారో, చుట్టూ గుత్తులుగా పిలకలు లేస్తాయి. నరికిన వెంటనే మోడు మీద గ్లైఫోసేట్ గానీ ట్రైక్లోపిర్ గానీ, ఏదో ఒక కలుపు మందు పూయాలి. మందు ఇష్టం లేకపోతే నల్లటి ప్లాస్టిక్ సంచి తొడిగి, వెలుతురు తగలకుండా బిగించి కట్టి, ఒకటి రెండేళ్లు ఉంచాలి. వేలు లావు మొక్కలైతే వాన పడిన మర్నాడు వేళ్లతో సహా పీకెయ్యొచ్చు. పళ్లు కాసేవి ఆడ మొక్కలే కాబట్టి పని వాటితో మొదలుపెట్టండి. రాలిన గింజలు ఐదేళ్ల దాకా మొలుస్తూనే ఉంటాయి, ఏటా ఒకసారి ఆ చోటు చూసుకోక తప్పదు.