గుంటూరు నుంచి గగనమార్గాన

గన్నవరం విమానాశ్రయం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి ఆకాశంలో దూరం సుమారు 264 కిలోమీటర్లు. గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకునే ఏటీఆర్ అనే చిన్న పంకాల విమానానికి ఇదొక దూరం కాదు. చక్రాలు నేల విడిచాక మళ్లీ నేల తాకడానికి ముప్పావు గంట చాలు. మరి టికెట్టు మీద గంటా పది నిమిషాలని ఎందుకు వేస్తారని కొందరు అల్పజ్ఞులు అడుగుతుంటారు. ఇక్కడ విమానం కదిలిన క్షణం నుంచి అక్కడ పూర్తిగా ఆగేదాకా లెక్క కడతారనీ, దానికి మరికొన్ని నిమిషాలు ముందుజాగ్రత్తగా చేరుస్తారనీ, ఆ పుణ్యాన్నే మనం అనుకున్న వేళకంటే ముందే దిగామన్న ప్రకటన విని పులకించిపోతున్నామనీ వారు గ్రహించరు.

ఇంత నికార్సయిన లెక్కను చెడగొడుతున్నది గుంటూరువారే. హైదరాబాద్ తమకు వాయవ్యంగా ఉంటే, విమానం ఎక్కవలసిన గన్నవరం ఈశాన్యంగా ఉందని వారి అభియోగం. గుంటూరు నుంచి శంషాబాద్‌కు సూటిగా గీత గీస్తే 240 కిలోమీటర్లకు మించదు. అంటే, తెల్లవారుజామున లేచి, కాజ దగ్గర టోలు కట్టి, వారధి దాటి, బెంజి సర్కిల్ ఫ్లైఓవర్ ఎక్కి దిగి, రామవరప్పాడు రింగు దగ్గర లారీల వెనుక కాసేపు ధ్యానం చేసి, గంటన్నరకు గన్నవరం చేరిన మనిషి, ఇంట్లో మంచం మీద పడుకున్నప్పటికంటే హైదరాబాద్‌కు పాతిక కిలోమీటర్లు దూరమయ్యాడన్నమాట. అయితే ఏమిటి? పొట్టేలు వెనక్కి తగ్గేది ఢీకొట్టడానికే కదా!

చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు కనుక బుద్ధిమంతుడు రెండు గంటల ముందే వెళ్లి కూర్చుంటాడు. గాలిలోకి లేచాక సీటు బెల్టు దీపం ఆరి, నీళ్ల సీసా మూత తీసేలోపే దిగుతున్నామంటారు. దిగాక, నైలాన్ తాడుతో నాలుగు వైపులా బిగించిన గోంగూర పచ్చడి అట్టపెట్టె బెల్టు మీద ఎప్పుడు ప్రత్యక్షమవుతుందా అని నిలబడాలి. అది వచ్చాక కూకట్‌పల్లి దాకా మరో గంట పైచిలుకు. ఇవన్నీ ప్రయాణికుడి సొంత వ్యవహారాలు. విమానానికి అంటగట్టడం అన్యాయం.

2023 ఏప్రిల్ నుంచి గుంటూరు మీదుగా నడుస్తున్న తిరుపతి–సికింద్రాబాద్ వందే భారత్ దాదాపు నాలుగు గంటల్లో దించేస్తుందని ఎత్తిపొడిచేవారూ లేకపోలేదు. దించుతుంది, కాదనను. కానీ రైలు దిగినవాడికి ముప్పావు గంటలో వచ్చానని చెప్పుకునే యోగం ఉంటుందా? కాబట్టి విమానంలో వెళ్లే గుంటూరు పెద్దలకు నా మనవి ఒకటే. “ఎన్నింటికి బయల్దేరారు బావగారూ?” అని వియ్యంకుడు అడిగితే, విమానం లేచిన వేళ మాత్రమే చెప్పండి; గడప దాటిన వేళ చెప్పి విమానయాన రంగం పరువు తీయకండి.